వేలిముద్రకు కాపలా 617 అంకెలు

ప్రతి నెలా మొదటి తేదీ పొద్దున్నే పెద్దకడుబూరు మండలంలో సచివాలయ ఉద్యోగులు ఇంటింటికీ తిరుగుతారు. చేతిలో ఫోను, దానికి తగిలించిన చిన్న వేలిముద్రల యంత్రం. పింఛను తీసుకునే అవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుని గాజు పలక మీద ఆనిస్తుంది. ఆ వేళ్ళు పత్తి తీసీ, కలుపు తీసీ, సుగ్గికి పోయి గుంటూరు పక్క మిరపకాయలు కోసీ అరిగిపోయినవి. ఒక్కసారికి పడదు. "ఇంకో ఏలు పెట్టవ్వా" అంటాడు ఆ అబ్బాయి. ఈసారి పడుతుంది. నాలుగు వేల రూపాయలు లెక్కపెట్టి అవ్వ చేతిలో పెడతాడు.

వేలు ఆనించడానికీ, డబ్బు చేతికి రావడానికీ నడుమ నాలుగైదు క్షణాలు పడుతుంది. ఆ కాసేపట్లోనే ఒక పెద్ద లెక్క జరిగిపోతుంది. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ లెక్క గురించే.

అవ్వ వేలిముద్ర వివరాలు యంత్రం దాటి బయటికి పోకముందే రహస్య సంకేతాలుగా మారతాయి. ఆ ఒక్క పూటకే పనికొచ్చే తాళంచెవి ఒకటి అప్పటికప్పుడు పుడుతుంది. వేలిముద్రను దానితో మూసేస్తారు. ఇక ఆ తాళంచెవిని కూడా దారిలో ఎవరి చేతా చిక్కకుండా ఆధార్ సంస్థకు చేర్చాలి కదా. అందుకు వాడేది ఆ సంస్థ బాహాటంగా అందరికీ ఇచ్చిన ఒక సంఖ్య. కంప్యూటరు లెక్కలో అది 2048 బిట్లు, మనం రాసుకునే లెక్కలో 617 అంకెలు. నోటుపుస్తకంలో వరుసకు ముప్పై అంకెల చొప్పున రాసుకుంటూ పోతే ఇరవై వరుసలు నిండి ఇంకా మిగులుతాయి.

ఆ సంఖ్యలో దాపరికం ఏమీ లేదు, ఎవరైనా చూడొచ్చు. దాచింది ఒక్కటే: ఏ రెండు సంఖ్యలను హెచ్చవేస్తే అది వచ్చిందన్నది. ఆ రెండూ ప్రధాన సంఖ్యలు. ఒక్కొక్కటీ మూడు వందల అంకెలు దాటుతుంది. ఆ రెండూ తెలిసినవాళ్ళకు తాళం క్షణంలో తెరుచుకుంటుంది. తెలియనివాళ్ళు ఆ 617 అంకెల సంఖ్యను విడగొట్టి వాటిని బయటికి లాగాలి. ఈ రోజుకు భూమ్మీద ఏ మనిషికీ, ఏ యంత్రానికీ ఆ పని చేతకావడం లేదు.

బడిలో మనమంతా చేసిన పనే ఇది. అరవైని విడగొట్టమంటే రెండు, రెండు, మూడు, అయిదు అని రాసేవాళ్ళం. ఇంకా విడగొట్టలేని సంఖ్య ప్రధాన సంఖ్య. ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. ఆరో తరగతిలో రెండు పేజీల్లో అయిపోయే పాఠం. కానీ ఆ పాఠంలో ఇచ్చే సంఖ్యలన్నీ చిన్నవి. అందుకే ఈ లెక్క ఎంత కఠినమో పిల్లలకు తెలియకుండానే పై తరగతికి పోతారు.

కొంచెం పెద్దది తీసుకుందాం. ఎనిమిది వేల ఆరు వందల ముప్పై మూడు. దగ్గర కాగితం ఉంటే రాసుకోండి: 8633. బడిలో నేర్పిన పద్ధతి ప్రకారం రెండుతో భాగించాలి, పోదు. మూడుతో పోదు. అయిదు, ఏడు, పదకొండు, పదమూడు, ఇలా వరుసగా ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. ఇరవై మూడుసార్లు శేషం మిగులుతూనే ఉంటుంది. ఇరవై నాలుగోసారి, 89తో భాగించినప్పుడు నిశ్శేషంగా పోయి 97 వస్తుంది. 617 అంకెల సంఖ్యను ఇదే దారిలో పట్టుకుపోతే లోకంలోని కంప్యూటర్లన్నీ కలిసి పనిచేసినా విశ్వం వయసు చాలదు.

ఇంకో దారి ఉంది. 8633కు వర్గమూలం 93కు కాస్త తక్కువ. 93 వర్గం 8649. అందులోంచి మన సంఖ్యను తీసేస్తే 16 మిగులుతుంది. పదహారు నాలుగుకు వర్గం. అంటే మన సంఖ్య రెండు వర్గాల తేడా. అలాంటప్పుడు 93లో నాలుగు తీసేస్తే ఒక కారణాంకం, నాలుగు కలిపితే ఇంకొకటి. 89, 97. ఇరవై నాలుగు భాగాహారాలు పట్టిన పని ఒక్క తీసివేతతో తేలిపోయింది.

ఈ ఉపాయం పేరు ఫెర్మా పద్ధతి అని ఇంజనీరింగ్ కాలేజీల్లో చెబుతారు. పియర్ ద ఫెర్మా 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు. ఆయన కంటే దాదాపు మూడు వందల ఏళ్ళ ముందు, 1356లో, నారాయణ పండితుడు సంస్కృతంలో రాసిన 'గణిత కౌముది'లో ఇదే పద్ధతి ఉంది. కారణాంకాలు కనుక్కోవడానికి ఆయన ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించి, దానికి భాగాదానం అని పేరు పెట్టాడు. మన గొప్పలు చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఈ వర్గాల తేడా అన్న ఆలోచన చచ్చిపోలేదు, నేటికీ ప్రపంచంలో అతి పెద్ద సంఖ్యలను విడగొట్టేవాళ్ళు దాని మీదే ఆధారపడుతున్నారు. ఎలాగో తరవాత చెబుతాను.

ఇప్పుడు మన రాయలసీమకే చెందిన ఒక మహానుభావుణ్ణి తలుచుకోవాలి. లక్కోజు సంజీవరాయ శర్మ గారు. 1907లో ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో పుట్టారు. పుట్టు అంధులు. తోబుట్టువు బడిపాఠాలు పైకి చదువుతుంటే విని లెక్కలు నేర్చుకున్నారు. పలక పట్టకుండా, బలపం ముట్టకుండా దేశంలో వేలకొద్దీ గణితావధానాలు చేశారు. హైదరాబాదులో జరిగిన ఒక అవధానంలో నూట మూడు రెండ్లను ఒకదానితో ఒకటి హెచ్చవేస్తే ఎంతని అడిగారు. శర్మగారు చెప్పిన జవాబులో 32 అంకెలున్నాయి. నాలుగేసి అంకెలుగా చదువుతాను వినండి: 1014, 1204, 8018, 2583, 5211, 9736, 2564, 3008. ఒక్క అంకె తప్పు లేదు. ఆ మనిషి 1997లో కాలం చేశారు. ఇంకో సీమ అయితే ఆయన పేరు ప్రతి లెక్కల పుస్తకంలోనూ ఉండేది.

ఆయన చెప్పిన సంఖ్యకు కారణాంకాలు ఎవరైనా చెబుతారు, అన్నీ రెండ్లే. కానీ అందులోంచి ఒకటి తీసేయండి. చివర 3008 పోయి 3007 అవుతుంది, మిగతా అంకెలన్నీ అవే. ఇప్పుడు దీనిని విడగొట్టమంటే?

ఇక్కడ ఫెర్మా 1640లో చెప్పిన ఒక సూత్రం సాయం వస్తుంది. రెండుకు ఘాతాంకంగా ఒక బేసి ప్రధాన సంఖ్యను వేసి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే, మిగిలిన సంఖ్యకు ఉండే ప్రతి ప్రధాన కారణాంకమూ ఆ ఘాతాంకానికి రెట్టింపు తీసుకుని, దాని ఎక్కంలో ఏదో ఒకదానికి ఒకటి కలిపినదే అయి ఉంటుంది. ఉదాహరణకు ఘాతాంకం 11 అనుకోండి. 2048లోంచి ఒకటి పోతే 2047. పదకొండుకు రెట్టింపు ఇరవై రెండు, దానికి ఒకటి కలిపితే ఇరవై మూడు. భాగించి చూడండి, నిశ్శేషంగా పోయి 89 వస్తుంది. 89 కూడా నాలుగు ఇరవైరెండ్లకు ఒకటి ఎక్కువే. ఘాతాంకం 23 అయితే సంఖ్య 83,88,607. నలభై ఆరుకు ఒకటి కలిపితే 47. మొదటి దెబ్బకే తెగుతుంది: 47, 1,78,481.

శర్మగారి సంఖ్యకు ఘాతాంకం 103. రెట్టింపు 206. కాబట్టి 206 ఎక్కం చదువుకుంటూ, ప్రతిదానికీ ఒకటి కలుపుకుంటూ, భాగించి చూసుకుంటూ పోవాలి. ఎంత దూరం పోవాలో తెలుసా? ఒక కోటీ ఇరవై మూడు లక్షల డెబ్భై తొమ్మిది వేల అయిదు వందల ముప్పై మూడు మెట్లు. అక్కడ దొరుకుతుంది మొదటి కారణాంకం: 255 కోట్ల ఒక లక్షా 83 వేల 799. రెండోది 22 అంకెలది. అంతే, రెండే రెండు ప్రధాన సంఖ్యలు. నిమిషానికి ఒక మెట్టు చొప్పున తిండీ నిద్రా మాని లెక్క వేసినా ఇరవై మూడేళ్ళు దాటుతుంది. అటు నుంచి ఇటు, ఆ రెండు సంఖ్యలూ చేతికిచ్చి హెచ్చవేయమంటే పట్టుదల ఉన్న పదో తరగతి పిల్లవాడు మధ్యాహ్నం భోజనం లోపల చేసి చూపిస్తాడు.

హెచ్చవేయడానికీ విడగొట్టడానికీ ఉన్న ఈ ఎడం ఎంతటిదో 1903 అక్టోబరులో న్యూయార్కులో ఒక సభ కళ్ళారా చూసింది. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే గణితాచార్యుడి వంతు వచ్చింది. ఆయన మాట్లాడకుండా నల్లబల్ల దగ్గరికి పోయి, రెండుకు 67వ ఘాతం వేసి, ఒకటి తీసేశాడని చెప్పుకుంటారు. 21 అంకెల సంఖ్య వచ్చింది. బల్లకు రెండోపక్క 19,37,07,721ని 76,183 కోట్ల 82 లక్షల 57 వేల 287తో నిలువుగా హెచ్చవేశాడు. రెండు పక్కలా ఒకే సంఖ్య. నోరు విప్పకుండానే వచ్చి కూర్చున్నాడు. సభంతా చప్పట్లు. ఆ కారణాంకాలు దొరకడానికి మూడేళ్ళ ఆదివారాలు పట్టాయని తరవాత ఆయన చెప్పాడట.

విచిత్రమేమిటంటే, ఆ సంఖ్య ప్రధానం కాదని ఎడ్వర్డ్ లూకా 1876లోనే తేల్చేశాడు. అంటే ఇది విడిపోతుంది అని తెలుసు, ఎలా విడిపోతుందో మరో ఇరవై ఏడేళ్ళు తెలియలేదు. ఒక సంఖ్య ప్రధానమా కాదా అని తేల్చడం వేరు, దాన్ని విడగొట్టడం వేరు. మొదటి ప్రశ్నకు ఎంత పెద్ద సంఖ్యకైనా గబగబా, ఖచ్చితంగా జవాబు చెప్పే పద్ధతిని 2002లో మన దేశంలోనే, కాన్పూరు ఐఐటీలో, మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. కయాల్, సక్సేనా అప్పటికి బి.టెక్. ముగించి వచ్చిన కుర్రవాళ్ళు. రెండో ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

దాన్నే తాళంగా మార్చాలన్న ఆలోచన 1977లో అమెరికాలోని ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ అనే ముగ్గురికి వచ్చింది. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ఆర్‌ఎస్‌ఏ అంటారు. అప్పుడే 129 అంకెల సంఖ్య ఒకటి లోకం ముందు పెట్టి, విడగొట్టినవాళ్ళకు వంద డాలర్లు ఇస్తామన్నారు. కోట్ల కోట్ల ఏళ్ళు పడుతుందని అప్పట్లో అంచనా. పదిహేడేళ్ళకే, 1994 ఏప్రిల్‌లో, ఆరు వందల మంది దాకా ఔత్సాహికులు తమ తమ కంప్యూటర్లను కలిపి దాన్ని విడగొట్టారు. ఒకటి 64 అంకెలు, ఇంకొకటి 65 అంకెలు.

నారాయణ పండితుడి ఆలోచన మళ్ళీ ఇక్కడే కనిపిస్తుంది. ఇంత పెద్ద సంఖ్య సరిగ్గా ఏ రెండు వర్గాల తేడానో వెతకడం అయ్యే పని కాదు. అయితే తేడా ఆ సంఖ్యకు సరిసమానం కానక్కరలేదు, ఆ సంఖ్యకు గుణిజమైతే చాలు. అలాంటి రెండు వర్గాలు దొరికితే, వాటి మూలాల తేడాకూ మన సంఖ్యకూ గ.సా.భా. కట్టి చూస్తారు. చాలాసార్లు ఒక కారణాంకం బయటపడుతుంది. ఆ వర్గాలను కూడా నేరుగా వెతకరు. చిన్న చిన్న ప్రధాన సంఖ్యలుగా విడిపోయే సంఖ్యలను లక్షలు, కోట్లుగా జల్లెడ పట్టి, వాటిలో కొన్నిటిని ఏరి హెచ్చవేసి, లబ్ధం వర్గం అయ్యేలా కూర్చుతారు. 129 అంకెల సంఖ్యకు వాడింది కార్ల్ పోమరెన్స్ 1981లో రూపొందించిన వర్గ జల్లెడ. దానికంటే పదునైన ఇంకో జల్లెడతో 2020 ఫిబ్రవరిలో 250 అంకెల సంఖ్యను విడగొట్టారు. ఒక్కటే కంప్యూటరు కోరు మీద నడిపి ఉంటే సుమారు 2,700 ఏళ్ళు పట్టే పని అది.

అవ్వ వేలిముద్రకు కాపలా ఉన్నది 617 అంకెలు. అంకెలు పెరిగేకొద్దీ కష్టం కూడికలా పెరగదు, పదింతలు వందింతలుగా పెరుగుతుంది.

ఇక్కడ రామానుజన్ గారి మాట ఒకటి చెప్పాలి. 1917లో ఆయనా, హార్డీ కలిసి, మామూలుగా ఒక సంఖ్యకు ఎన్ని వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉంటాయో లెక్కగట్టారు. ఆ లెక్కన 617 అంకెల సంఖ్యకు సాధారణంగా ఏడో ఎనిమిదో ఉండాలి. వాటిలో చిన్నవి సులువుగా చిక్కుతాయి. తాళం కోసం చేసే సంఖ్యలో రెండే ఉంటాయి, రెండూ పెద్దవే. దారిన పోతూ ఎదురయ్యే సంఖ్య కాదది, పనిగట్టుకుని అంత మొండిగా తయారుచేసింది.

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. పెద్ద సంఖ్యను విడగొట్టడం కష్టం అని ఇంతవరకూ ఎవరూ నిరూపించలేదు. ఎవరికీ సులువైన దారి దొరకలేదు, అంతే. మన పింఛన్లు, రేషను, బ్యాంకు లావాదేవీలు, డిజిటల్ సంతకాలు ఇన్ని ఆ దొరకకపోవడం మీద నిలబడి ఉన్నాయి.

సులువైన దారి ఒకటి కాగితం మీద ఉంది కూడా. 1994లోనే పీటర్ షోర్ అనే గణితజ్ఞుడు, క్వాంటమ్ కంప్యూటరు అనేది పెద్ద ఎత్తున తయారైతే ఈ సంఖ్యలను చకచకా విడగొట్టవచ్చని చూపించాడు. 2001లో ఐబీఎం శాస్త్రజ్ఞులు ఏడు క్యూబిట్ల, అంటే ఏడు క్వాంటమ్ బిట్ల, యంత్రంతో ఆ పద్ధతిలో పదిహేనును మూడు, అయిదుగా విడగొట్టారు. మన రెండో తరగతి పిల్లలు చేసే లెక్కే గానీ, పద్ధతి పనిచేస్తుందని అది రుజువు చేసింది. 2025 మే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్‌లతో కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల యంత్రం పెడతామని ప్రకటించింది. దాన్ని చూసి పింఛను అవ్వ భయపడాల్సిన పనిలేదు. 617 అంకెల సంఖ్యను విడగొట్టాలంటే పది లక్షలకు కొంచెం తక్కువ క్యూబిట్లు, వారం లోపు సమయం కావాలని అదే నెలలో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ లెక్కగట్టాడు. అయితే ఆయనే 2019లో రెండు కోట్ల క్యూబిట్లు కావాలన్నాడు. ఆరేళ్ళలో అంచనా ఇరవయ్యో వంతుకు దిగింది. నన్ను ఆలోచనలో పడేసేది ఈ దిగడమే.

ఎందుకంటే వేలిముద్ర బ్యాంకు పిన్ నంబరులాంటిది కాదు. పిన్ బయటపడితే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం. ఈ రోజు దారిలో పోతున్న రహస్యాన్ని మూసినది మూసినట్టుగానే ఎవడైనా కాపీ చేసి దాచుకుని, ఇరవై ఏళ్ళ తరవాత తెరిస్తే, అప్పటికీ అది అదే మనిషి వేలిముద్ర. అందుకే క్వాంటమ్ యంత్రాలకూ లొంగని కొత్త తాళాలకు 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిర్దేశాలు వెలువరించింది. వాటిలో కారణాంకాల ఊసే లేదు, వేరే గణితం. మన దేశంలో కూడా ఈ మార్పు త్వరగా జరగాలి. అందునా ముందు జరగాల్సింది పేదవాడి వేలిముద్రలు మోసే దారుల్లో. పెద్ద బ్యాంకులకు తమను తాము కాపాడుకునే సత్తా ఉంది. పెద్దకడుబూరు అవ్వకు ప్రభుత్వం తప్ప వేరే దిక్కు లేదు.

ఈ పనికి గణితం తెలిసినవాళ్ళు కావాలి. మన పక్కనుంచి అలాంటివాళ్ళు రారని అనుకోవద్దు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. అదే బళ్ళారి జిల్లా హడగలిలో 1920లో ఒక తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లవాడే కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకమంతా సి.ఆర్. రావు అని పిలిచే గణాంక శాస్త్రవేత్త. వాల్తేరులో లెక్కలు చదివారు. 102 ఏళ్ళ వయసులో, 2023లో, గణాంక శాస్త్రానికి ఇచ్చే అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరున్న సంస్థలో ఈ రహస్య సంకేతాల గణితం మీదే పరిశోధనలు సాగుతున్నాయి.

ఆదోని, ఎమ్మిగనూరు, పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం బడుల్లో లెక్కలు చెప్పే అయ్యవార్లకూ, మేడమ్‌లకూ నాదొక మనవి. మన పిల్లలకు లెక్కల్లో వేగం నేర్పుతున్నాం, సంతోషం. ఓపిక కూడా నేర్పండి. జవాబు ఉందని తెలిసి, అది ఎక్కడుందో తెలియని లెక్క ఒకటైనా ఏడాదికోసారి చేతికివ్వండి. కంప్యూటరు అక్కరలేదు, కాలిక్యులేటరు అక్కరలేదు. ఈ వారమే ఇది ఇచ్చి చూడండి. ఇరవై తొమ్మిది రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే యాభై మూడు కోట్ల అరవై ఎనిమిది లక్షల డెబ్భై వేల తొమ్మిది వందల పదకొండు. బోర్డు మీద రాసుకోండి: 53,68,70,911. దీనికి మూడు ప్రధాన కారణాంకాలున్నాయి. మూడూ 58 ఎక్కంలో ఏదో ఒకదానికి ఒకటి ఎక్కువ. మొదటిది నాలుగో మెట్టు మీదే ఉంది. మిగతా రెండూ పిల్లల్ని వెతకనివ్వండి. జవాబు మీరు చెప్పొద్దు.